లాష్ లిఫ్ట్ రెండు వారాలకే పడిపోతోందా? ముందు గ్లూ, జిడ్డు సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఏడాదిగా ఇంట్లోనే పార్లర్ నడుపుతున్నారు. లాష్ లిఫ్ట్ (లాషెస్‌ని, అంటే కనురెప్పల వెంట్రుకలను, లోషన్లతో పైకి వంచి నిలబెట్టడం) చేసిన రోజు బాగానే ఉంటోంది, రెండు వారాలకే లాషెస్ మళ్ళీ వాలిపోతున్నాయి. కొందరికైతే కొసలు కొక్కెంలా వంకర తిరుగుతున్నాయి. లోషన్ టైమ్ పెంచాలా, కిట్ మార్చాలా అని అడిగారు.

రెండూ వద్దు. టైమ్ అయితే అస్సలు పెంచకండి. మీరు చెప్పింది ఒక జబ్బు కాదు, రెండు. వాలిపోవడం లోషన్ వెంట్రుకకు సరిగా అందకపోవడం వల్ల, లేదా వంపును నిలబెట్టే రెండో లోషన్ పని పూర్తి కాకపోవడం వల్ల వస్తుంది. కొసలు కొక్కెం తిరగడం లోషన్ ఎక్కువైతేనో, రాడ్ (లాషెస్‌ని అతికించడానికి రెప్ప మీద పెట్టే వంపు అచ్చు) చిన్నదైతేనో వస్తుంది. మొదటిదానికి విరుగుడని టైమ్ పెంచారనుకోండి, రెండోది ముదురుతుంది. నేను ఏడు నెలలు ఇదే పని చేశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మాది గుంటూరు. పార్లర్ పెట్టి పదకొండేళ్ళు, లాష్ లిఫ్ట్ మొదలుపెట్టి ఐదేళ్ళు. హైదరాబాద్‌లో రెండు రోజుల క్లాసుకెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. అక్కడ మోడల్‌గా పడుకున్న అమ్మాయివి పొడుగాటి లాషెస్. కాటుక అలవాటు లేదు, తలకు నూనె లేదు. అలాంటి కళ్ళ మీద ఎవరు చేసినా వస్తుంది. ఇంటికొచ్చాక నా బెడ్ మీద పడుకున్నవాళ్ళు వేరు. పదేళ్ళుగా రోజూ కాటుక పెట్టుకునేవాళ్ళు, ముందురోజే తలకు కొబ్బరినూనె పట్టించుకుని వచ్చేవాళ్ళు, లాషెస్ పెరుగుతాయని రాత్రిపూట ఆముదం రాసుకునేవాళ్ళు. క్లాసులో వీళ్ళ గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

కాబట్టి మొదట జిడ్డు సంగతి. కాటుక కడిగేస్తే పోయిందనుకుంటాం. పోదు. ఒకసారి పరీక్ష పెట్టుకోండి. క్లయింట్ ముఖం కడుక్కుని వచ్చాక, నూనె లేని ఫోమ్ క్లెన్సర్‌తో లాషెస్ శుభ్రం చేసి, తెల్లటి మైక్రోబ్రష్‌ని వేళ్ళ దగ్గర, అంటే వెంట్రుక రెప్పలోంచి బయటికొచ్చే చోట, పక్కకి మెల్లగా నడపండి. నల్లగా వస్తుంది. ఇంకోసారి చేయండి, బూడిదరంగులో వస్తుంది. నాకు సాధారణంగా మూడోసారికి గానీ తెల్లగా రాదు. ఆ మిగిలిన జిడ్డే లోషన్‌కి అడ్డుగోడ. అది కూడా వేళ్ళ దగ్గరే ఉంటుంది, మనకు లిఫ్ట్ కావలసిందీ అక్కడే. పైన వంపు తిరిగి, కింద మొదలు లేవకపోతే రెండు వారాలు కూడా ఆగదు మరి. శుభ్రం చేశాక ప్రైమర్ రాసి, పూర్తిగా ఆరనివ్వండి. బుకింగ్ తీసుకునేటప్పుడే చెప్పేస్తాను: ముందురోజు నుంచి కాటుక, మస్కారా, ఆముదం వద్దు, తలకు నూనె వద్దు, కాంటాక్ట్ లెన్సులుంటే డబ్బా తెచ్చుకోండి అని. సగం మంది వినరు. అందుకే శుభ్రానికి పది నిమిషాలు విడిగా పెట్టుకుంటాను.

ఇక అసలు విషయం, అతికించడం. నా లెక్కలో లాష్ లిఫ్ట్ అంటే ముప్పావు వంతు ఇదే, లోషన్ పని తక్కువ.

రాడ్‌ని రెప్ప మీద పెట్టేటప్పుడు వేళ్ళకు ఆనుకుని ఉండాలి. మధ్యలో గోరంత సందు ఉన్నా మొదలు అడ్డంగా వెళ్ళి, తర్వాత పైకి తిరుగుతుంది. అది లిఫ్ట్ కాదు, మెలిక. రెప్ప మీద చర్మం వాలి ఉన్నవాళ్ళకు ఆ చర్మాన్ని టేప్‌తో కొంచెం పైకి లాగి పెట్టాకే రాడ్ పెట్టండి, లేదంటే రాడ్ జారుతుంది. కింది లాషెస్ జెల్ ప్యాడ్ కింద పూర్తిగా దాక్కున్నాయో లేదో చూసుకోండి. ఒకటి రెండు పైకొచ్చి లోషన్‌లో పడితే అవీ వంగిపోతాయి.

రాడ్ సైజు విషయంలో చాలామంది పొరబడతారు, ఎక్కువ వంపు కావాలని చిన్న రాడ్ తీసుకుంటారు. లాషెస్‌ని రాడ్ మీదికి దువ్వి చూడండి, కొసలు రాడ్ ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర ఆగాలి. పై అంచు దాటి అవతలికి పడుతున్నాయంటే రాడ్ చిన్నది. మీ క్లయింట్లకు వస్తున్న కొక్కెం సగం ఇక్కడే తయారవుతోందని నా అనుమానం. ఒకే కంటికి లోపలి మూల పొట్టిగా, బయటి మూల పొడుగ్గా ఉంటే సగం సైజులున్న రాడ్లు (ఎస్-కి, ఎమ్-కి మధ్యవి) దొరుకుతాయి, తెప్పించుకోండి. కిట్ మార్చే డబ్బు వాటి మీద పెట్టండి.

గ్లూ విషయానికొస్తే, నేను మొదట్లో దోశపిండిలా పోసేదాన్ని. లాషెస్ గట్టిగా అతుక్కుంటే చాలనుకునేదాన్ని. కానీ వెంట్రుక మీదికి ఎక్కిన గ్లూ దానికి కోటు వేసినట్టే, లోషన్ దాన్ని దాటి లోపలికి పోదు. ఇప్పుడెలా చేస్తానంటే, రాడ్ మీద పల్చటి పొర ఒక్క గీత రాసి, పది పదిహేను సెకన్లు ఆగి, జిగురు పట్టాక ఐదారు వెంట్రుకలు మాత్రం పైకి దువ్వుతాను. దువ్వెనతో తెచ్చి, టూల్ మొనతో ఒక్కొక్కటి విడదీసి నిలబెడతాను. ఒకదాని మీద ఒకటి అడ్డం పడకూడదు. వెంట్రుక రెప్పలోంచి ఏ దిక్కున వస్తోందో ఆ దిక్కునే పైకి పోవాలి, అందంగా విసనకర్రలా ఉండాలని మూలలవి పక్కకి లాగకూడదు. అక్కడ ఏ గీత గీస్తే ఆరు వారాలు అదే గీత. ఆ ముక్క అయ్యాక పక్కన మళ్ళీ గీత, మళ్ళీ ఐదారు. ఒక కంటికి నాకు పన్నెండు నిమిషాలు పడుతుంది, మొదట్లో ఇరవై ఐదు పట్టేది. తొందరపడి ఐదు నిమిషాల్లో అతికించి, ఆ మిగిలిన టైమ్‌ని లోషన్‌కి ఇవ్వడం ఎందుకు?

మీరు జుట్టుకు స్ట్రెయిటెనింగ్ చేస్తుంటే లోషన్ల సంగతి మీకు కొత్త కాదు. మొదటి లోషన్‌లో థయోగ్లైకోలిక్ యాసిడ్ లవణం గానీ, సిస్టియమిన్ గానీ ఉంటుంది. అది కెరాటిన్‌ని పట్టి ఉంచే సల్ఫర్ బంధాలను విడగొట్టి వెంట్రుకను మెత్తబరుస్తుంది. రెండోది, హైడ్రోజన్ పెరాక్సైడ్ లేదా సోడియం బ్రోమేట్, ఆ బంధాలను కొత్త వంపులో మళ్ళీ కడుతుంది. సూత్రం ఒకటే గానీ లోషన్ ఒకటి కాదు. యూరప్‌లో లాషెస్‌కి వాడేదాంట్లో థయోగ్లైకోలిక్ యాసిడ్ 11 శాతం దాటకూడదు, అదీ ప్రొఫెషనల్స్ చేతుల్లోనే ఉండాలని రూల్. తల లోషన్‌ని కంటి దగ్గరికి తెచ్చినవాళ్ళను నేను చూశాను. ఆ సాహసం చేయకండి.

మొదటి లోషన్ మొదలు నుంచి మధ్య దాకానే రాయాలి. చర్మానికి ఒక మిల్లీమీటరు వదిలి మొదలుపెట్టి, పైన కొసల మూడో వంతు ముట్టకూడదు. కొసలు సన్నం, పాతవి కూడా. అవి ముందే మెత్తబడి పీచులా అయిపోతాయి. టైమ్ ఎంతంటే మీ కిట్ కాగితంలో ఉన్నదే లెక్క, నా నిమిషాలు మీకు పనికిరావు. కానీ ఆ టైమ్‌కి రెండు నిమిషాల ముందే ఒకసారి చూడండి. ఓ మూల రెండు మూడు వెంట్రుకల మీద లోషన్ తుడిచి, టూల్‌తో రాడ్ నుంచి కొంచెం వదులు చేయండి. వంపు నిలిచి మెత్తగా ఉంటే అయిపోయినట్టే, తీసేయండి. టక్కున నిటారుగా లేస్తే మళ్ళీ అతికించి ఇంకో నిమిషం. పెర్మింగ్‌లో ఒక రోలర్ విప్పి చూస్తాం కదా, అదే పద్ధతి. సన్నటి లాషెస్‌కి, ఇదివరకే లిఫ్ట్ చేసినవాటికి త్వరగా అయిపోతుంది.

ఎండాకాలంలో మరీ జాగ్రత్త. వేడికి లోషన్ వేగంగా పనిచేస్తుంది. మూడేళ్ళ కిందట మే నెలలో, మధ్యాహ్నం, ఓ పెళ్ళికూతురి అక్కకి చేస్తున్నాను. లోషన్ రాసి పైన క్లింగ్ ఫిల్మ్ కప్పాను, కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతోంది, ఏసీ లేదు. నేను అలవాటు ప్రకారం ఫోన్‌లో ఏసీ రోజు పెట్టుకునే టైమరే పెట్టాను, పైగా ఎవరో తలుపు కొడితే వెళ్ళి మాట్లాడి వచ్చాను. విప్పేసరికి కొసలు కాలిన దారప్పోగుల్లా ముడుచుకుపోయాయి. ఆవిడ అద్దంలో చూసుకుని ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. డబ్బు తీసుకోలేదు, పెళ్ళి రోజు మేకప్ ఉచితంగా చేసి అతుకుడు లాషెస్ పెట్టాను. సరిచేద్దామని మళ్ళీ లోషన్ ముట్టలేదు. పాడైన వెంట్రుక మీద ఇంకోసారి వేస్తే మధ్యలో తెగిపోతుంది. వాటంతట అవి రాలి కొత్తవి రావాల్సిందే, దాదాపు మూడు నెలలు పట్టింది. ఆ రోజు నుంచి టైమర్ నడుస్తుంటే తలుపు తియ్యను, కరెంటు పోతే ఫిల్మ్ తీసేస్తాను.

రెండు వారాలకే వాలిపోవడానికి జిడ్డు తర్వాత నేను పట్టుకున్న కారణం రెండో లోషన్. వంపు వచ్చేసింది కదా అని దాన్ని తూతూమంత్రంగా రాస్తాం. మొదటి లోషన్‌ని పొడి బ్రష్‌తో, పొడి ప్యాడ్‌తో పూర్తిగా తుడిచేయాలి, నీళ్ళు వద్దు, నీళ్ళు తగిలితే గ్లూ కరిగి లాషెస్ ఊడిపోతాయి. తర్వాత రెండో లోషన్‌ని మొదటిది రాసిన చోటంతా, ఇంకా కొంచెం అవతలికి కూడా రాసి, పూర్తి టైమ్ ఉంచండి. దీనికి ఒక నిమిషం ఎక్కువైనా కొంపలు మునగవు, తక్కువైతే మాత్రం బంధాలు సగమే కట్టుకుంటాయి. ఇంకొకటి, పెద్ద సీసా కిట్ వాడుతుంటే మూత తీసిన తేదీ దాని మీద రాసి పెట్టండి. గాలి తగిలేకొద్దీ లోషన్ బలం తగ్గుతుంది. నెలకు నలుగురైదుగురు వచ్చే ఇంటి పార్లర్‌కి చిన్న సాషేలే నయం.

పంపేటప్పుడు ఒక రోజంతా నీళ్ళు, ఆవిరి, మస్కారా, ఆముదం వద్దని చెప్పండి. ఆ రాత్రి బోర్లా పడుకోవద్దని కూడా. ఇంకో మాట ముందే చెప్పేయండి: ఆరు నుంచి ఎనిమిది వారాలే లెక్క. పాత వెంట్రుకలు రాలి నిటారుగా ఉన్న కొత్తవి మధ్యలో వస్తాయి కాబట్టి ఐదో వారానికి కలగాపులగంగా కనిపించడం సహజం, అది మన తప్పు కాదు. ఆ లోపల మళ్ళీ చేయమని అడిగినా చేయకండి.

రంగు వేయమని అడిగేవాళ్ళకు నేను లేదంటాను. మనవాళ్ళవి ఎలాగూ నల్లటివే. 1930లలో అమెరికాలో లాష్ లూర్ అనే రెప్పల రంగుతో ఆడవాళ్ళు చూపు పోగొట్టుకున్నారు. ఇప్పటి రంగులు అవి కావు, నిజమే, అయినా నాకు చెయ్యి రాదు. కళ్ళకలక, కంటి కురుపు ఉన్నవాళ్ళను, ఈమధ్య కంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళను కూడా వెనక్కి పంపుతాను. కొత్తవాళ్ళకు ముందురోజే చెవి వెనక ప్యాచ్ టెస్ట్. కంట్లో లోషన్ పడితే టైమర్, రాడ్ అన్నీ మర్చిపోయి పదిహేను నిమిషాలు మంచినీళ్ళతో కడగడం, తర్వాత నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి.

మీరు చేయాల్సింది ఇదీ: వచ్చే ముగ్గురు క్లయింట్లకు కిట్ మార్చకండి, నిమిషాలు మార్చకండి. శుభ్రం మూడుసార్లు, గ్లూ పల్చగా, రాడ్ ఒక సైజు పెద్దది. నోట్‌బుక్‌లో లాషెస్ లావా సన్నమా, రాడ్ సైజు, నిమిషాలు, ఏసీ ఉందా లేదా రాసుకోండి. చేసిన రోజు ఒక ఫోటో, పదిహేనో రోజు ఒక ఫోటో, రెండూ పక్క నుంచి తీయండి. ఎదురుగా తీస్తే మొదలు లేచిందో లేదో కనబడదు. ఆ ఫోటోలు ఇక్కడే కింద పెట్టండి, చూసి రాడ్ తేడానో గ్లూ తేడానో చెప్తాను.