బరంపురం వాళ్ళం ఏ సంఘంలో చేరాలి?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి కొత్తగా అమెరికా వచ్చిన పిల్లలు కాస్త సర్దుకున్నాక నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, చదివింది ఒడియాలో. తెలుగు చదవడం అంతంత మాత్రం. ఇక్కడ తెలుగు సంఘమూ ఉంది, ఒడిశా సంఘమూ ఉంది. మేం ఎందులో చేరాలి?"

రెండింట్లోనూ చేరండి. గిడుగు రామమూర్తి గారు 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపేశారని ఊరే వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మన తాతలు వెళ్ళలేదు. అక్కడే ఉండి, పిల్లల్ని ఒడియా బడికి పంపి, సంక్రాంతికి ఇంట్లో అరిసెలు వండుకున్నారు. అలా పెరిగిన వాళ్ళకి ఇక్కడ రెండు చోట్ల సభ్యత్వం ఏమంత బరువు? ఒడిశా సొసైటీ ఆఫ్ ది అమెరికాస్ 1969 నుంచి ఉంది, అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా 1977 నుంచి ఉంది. మనం వెళ్తే సంతోషిస్తారు, వెళ్ళకపోతే ఎవరూ బెంగ పెట్టుకోరు.

నేనైతే సంఘం పేరు కంటే అది ఏడాది పొడుగునా ఏం చేస్తుందో చూస్తాను. చాలా సంఘాల ఆశయం చదివితే ఇంచుమించు ఒకటే మాట: భాషా సంస్కృతుల పరిరక్షణ, ప్రచారం. ఒకచోట తెలుగు అని ఉంటుంది, ఇంకోచోట ఒడియా అని. ఆ ఒక్క మాట కింద ఉగాది విందూ పడుతుంది, సినిమా తారతో ఫొటో దిగడమూ పడుతుంది, ప్రతి శనివారం పిల్లలకి అక్షరాలు దిద్దించే బడీ పడుతుంది. విందు వద్దని నేననను, పులిహోర కోసమే వెళ్ళిన ఉగాదులు నాకూ ఉన్నాయి. కానీ డబ్బూ శనివారాలూ ఇచ్చేటప్పుడు కొంచెం ఆరా తీస్తాను. నేర్పేది ఎవరు? మొదటి ఏడాది చేరిన పిల్లల్లో రెండో ఏడాది ఎంతమంది మిగిలారు? పండగల్లేని నెలల్లో సంఘం ఏమైనా చేస్తుందా, నిద్రపోతుందా? ప్రతిసారీ ఒకే డాన్స్ స్కూలు పిల్లలే స్టేజి ఎక్కుతున్నారంటే ఆ టీచరు కార్యవర్గంలో ఎవరికి చుట్టం?

వీటికి సగం జవాబులు నలుగురినీ అడిగితే తెలుస్తాయి. మిగతా సగం కాగితం మీద దొరుకుతాయి. నాన్‌ప్రాఫిట్ (లాభాపేక్ష లేని సంస్థ) అంటే డబ్బు మిగలకూడదని చాలామంది అనుకుంటారు. మిగలొచ్చు, పనిచేసే వాళ్ళకి న్యాయమైన జీతాలూ ఇవ్వొచ్చు. ఆ మిగులు ఎవరి జేబులోకీ పోకుండా, చెప్పుకున్న ఆశయానికే ఖర్చు కావాలి. 501(సి)(3), అంటే చందాలకి పన్ను మినహాయింపు దొరికే గుర్తింపు, ఉన్న సంఘం ఎన్నికల్లో ఏ అభ్యర్థి తరఫునా ప్రచారం చేయకూడదు. ఏటా ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) జమాఖర్చుల ఫారం 990 ఇవ్వాలి. ఐఆర్ఎస్ వెబ్‌సైటులో సంఘం పేరు వెతికితే ఆ ఫారం ఎవరికైనా కనిపిస్తుంది. మొదటి పేజీలోనే ఆశయం రాసి ఉంటుంది, తర్వాతి పేజీలో ఏ పనికి ఎంత ఖర్చు పెట్టారో ఉంటుంది. రెండూ కలిపి చదవండి. ఆశయంలో కళల శిక్షణ అని ఉండి, డబ్బంతా హాలు అద్దెకీ భోజనాలకీ పోయి ఉంటే ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఏడాది రాబడి మామూలుగా 50,000 డాలర్లు దాటని చిన్న సంఘాలకి 990-ఎన్ అనే పొట్టి ఫారం చాలు. దాంట్లో జమాఖర్చులు ఉండవు. అలాంటి చోట కోశాధికారినే అడగండి, మొహమాటం వద్దు. అడిగినందుకు మొహం మాడ్చుకునే కార్యవర్గం ఉంటే అదీ ఒక జవాబే. వరసగా మూడేళ్ళు ఏ ఫారమూ ఇవ్వని సంఘానికి గుర్తింపు దానంతటదే రద్దవుతుంది. ఆ తర్వాత కూడా పాత రసీదు పుస్తకంతోనే చందాలు వసూలు చేసిన ఒక సంఘం నాకు తెలుసు.

పన్ను సంగతి క్లుప్తంగా చెప్తాను. వంద డాలర్ల టికెట్టులో భోజనం విలువ నలభై అయితే చందాగా లెక్కకొచ్చేది అరవయ్యే. 250 డాలర్లు లేదా అంతకంటే ఎక్కువ ఇస్తే రాతపూర్వకంగా రసీదు ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా స్టాండర్డ్ డిడక్షనే, అంటే ఖర్చులు విడిగా చూపకుండా అందరికీ ఇచ్చే మినహాయింపే, తీసుకుంటారు. 2026 నుంచి అలాంటివాళ్ళు కూడా 1,000 డాలర్ల వరకు, భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే 2,000 వరకు, డబ్బుగా ఇచ్చిన చందాని పన్ను లెక్కలో రాబడిలోంచి తగ్గించుకోవచ్చు. మీరు పోసిన చెమటకి మాత్రం మినహాయింపు లేదు. ఐటమైజ్ చేసేవాళ్ళు, అంటే ఖర్చులు విడివిడిగా చూపేవాళ్ళు, సంఘం పని మీద కారులో తిరిగినందుకు మైలుకి 14 సెంట్లు వేసుకోవచ్చు.

వీసా విషయంలో మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. హెచ్-1బీ మీద ఉన్నా, పని అనుమతి లేని హెచ్-4 మీద ఉన్నా, ఎఫ్-1 విద్యార్థి అయినా, ఎవరైనా ఊరికే చేసే సేవ మీరూ చేయొచ్చు. కుర్చీలు వేయడం, బడిలో పాఠం చెప్పడం, ప్రోగ్రాంకి మైకు పట్టుకోవడం, అన్నీ సరే. డబ్బు తీసుకుని కూచిపూడి నేర్పితే మాత్రం అది ఉద్యోగం కిందకే వస్తుంది. కవరులో పెట్టి శాలువాతో కలిపి ఇచ్చినా అంతే. "అందరూ తీసుకుంటున్నారు కదా" అనే పెద్దలు మీ గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకి మీ పక్కన కూర్చోరు.

ఇక మనవాళ్ళకే వచ్చే అసలు చిక్కు. రెండేళ్ళకోసారి బరంపురంలో బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర జరుగుతుంది. అమ్మవారిని పుట్టింటికి తెచ్చుకునేది దేరా కులంవాళ్ళు, తెలుగు నేతవాళ్ళు. వాళ్ళ పెద్ద దేశిబెహరా. ఆయన ఇంటి ఆడపడుచుగానే ఆమె వస్తుంది. ఇంచుమించు నెల్లాళ్ళు ఊరంతా మొక్కుబడి వేషాలే. ఒంటికి చారలు దిద్దుకుని డప్పులకి ఎగిరే పులివేషగాళ్ళలో ఎవరు తెలుగో ఎవరు ఒడియానో వాళ్ళ అమ్మకే తెలియాలి. బరంపురం చుట్టూ ఉన్న గంజాం జిల్లా ఊళ్ళలో రాత్రంతా మెట్ల వేదిక మీద ఆడే ప్రహ్లాద నాటకమూ ఇలాంటిదే. నాటకం ఒడియాది. రాసింది జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ అని చెప్తారు. ఆ జలంతర ఇప్పుడు ఆంధ్రాలో, శ్రీకాకుళం వైపు ఉంది.

ఇవి ఇక్కడ ఏ సంఘంలోనూ సరిగ్గా కుదురుకోవు. తెలుగువాళ్ళకి స్టేజి అంటే కూచిపూడి, ఆ వెంటనే సినిమా పాట. ఒడియావాళ్ళకి ఒడిస్సీ, తర్వాత సంబల్‌పురి డాన్సు. పులివేషం అనగానే రెండుచోట్లా "బావుంటుందండీ, వచ్చే ఏడు చూద్దాం" అంటారు. దాంతో మన కుర్రాళ్ళకి పౌరుషం వచ్చి "మనమే ఒక సంఘం పెడదాం" అంటారు.

నేను వద్దంటాను. రాష్ట్రంలో నమోదు చేయించాలి, నియమావళి రాసుకోవాలి, ఐఆర్ఎస్‌కి గుర్తింపు కోసం ఫారం 1023 పెట్టాలి. చిన్న సంఘాలకి ఉన్న ఈజీ ఫారానికైతే ఫీజు 275 డాలర్లు, పెద్దదానికి 600. అదంతా ఎలాగో అవుతుంది. తర్వాత అధ్యక్షుడికి టెక్సాస్‌లో ఉద్యోగం వస్తుంది, కోశాధికారికి పాప పుడుతుంది, ఏటేటా ఇవ్వాల్సిన ఫారం ఎవరికీ గుర్తుండదు. ఉన్న సంఘం గొడుగు కిందే ఒక కార్యక్రమంగా మొదలుపెట్టండి. దీన్ని ఇక్కడ ఫిస్కల్ స్పాన్సర్‌షిప్ అంటారు. చందాలు ఆ సంఘం పేరు మీద వస్తాయి, లెక్కలూ బాధ్యతా వాళ్ళవే, పని మీది. అందుకే వాళ్ళ ఆశయానికి మీ పని ఎలా సరిపోతుందో ఒక పేజీలో రాసి ఇవ్వాలి. తెలుగు సంఘానికి దేరా నేతవాళ్ళ కథ చెప్పండి, ఒడిశా సంఘానికి గంజాం కథ చెప్పండి. రెండూ నిజమే కదా. రెండు సంఘాలూ కలిసి చేస్తే ఇంకా మంచిది, హాలు అద్దె సగమవుతుంది.

మేముండే న్యూజెర్సీలో స్టేట్ కౌన్సిల్ ఆన్ ది ఆర్ట్స్ జానపద కళలకి అప్రెంటిస్‌షిప్ గ్రాంటు ఇస్తుంది, ఒక గురువు ఒక శిష్యుడికి నేర్పడానికి. ఉగాది విందుకి రాని డబ్బు పులి అడుగులు నేర్పడానికి రావచ్చు. ఊరి నుంచి కళాకారుల్నే పిలిపించాలంటే పీ-3 వీసా ఉంది, ఒక జాతికో ప్రాంతానికో ప్రత్యేకమైన కళ చూపించేవాళ్ళకి, నేర్పేవాళ్ళకి. దానికి ఇక్కడి సంఘం ఫారం ఐ-129 పెట్టాలి. విజిటర్ వీసా మీద రప్పించి టికెట్టు షో పెట్టించే పని మాత్రం పెట్టుకోవద్దు.

చివరగా ఊళ్ళో నాటక, కళా సమాజాలకి డబ్బు పంపే సంగతి. మీకు ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉంటే మీ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే చందా, విదేశీ విరాళాల మీద ఇండియా పెట్టిన చట్టం ఎఫ్‌సీఆర్ఏ దృష్టిలో విదేశీ విరాళం కాదు. బరంపురంలో ఉన్న అన్నయ్య ఇచ్చినట్టే. అమెరికా పౌరసత్వం తీసుకున్న మర్నాటి నుంచి మీరు విదేశీ దాత. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, సెలవుల్లో వెళ్ళి రూపాయల్లోనే ఇచ్చినా తేడా లేదు. పుచ్చుకునే సమాజానికి ఎఫ్‌సీఆర్ఏ నమోదు ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో వాళ్ళ ఖాతాకి రావాలి. ఆ నమోదుకి మామూలుగా మూడేళ్ళ వయసూ, ఆ మూడేళ్ళలో ఆశయం మీద 15 లక్షల ఖర్చూ చూపించాలి. అద్దె గదిలో హార్మోనియం పెట్టుకుని నడిచే నాటక సమాజానికి అది ఎక్కడ కుదురుతుంది? తమ్ముడి ఖాతాకి పంపి వాడి పేరుతో ఇప్పించడం అడ్డదారి. పట్టుబడితే ఇబ్బంది మీకంటే సమాజానికే ఎక్కువ.

అలా పంపినదానికి అమెరికాలో పన్ను మినహాయింపూ రాదు. ఊళ్ళో ఇంటి అద్దె లాంటి రాబడి ఉండి పాత పన్ను విధానంలో రిటర్న్ వేసేవాళ్ళకి, సమాజానికి 80జీ (చందాలకి ఇండియాలో పన్ను మినహాయింపు ఇప్పించే గుర్తింపు) ఉంటే అక్కడ కొంత కలిసొస్తుంది. ఎఫ్‌సీఆర్ఏ లేని సమాజానికి అమెరికా పాస్‌పోర్టువాళ్ళు చేయగలిగింది, ఏదైనా కొనడం. సరుకుకీ సేవకీ మామూలు వ్యాపారంలో చెల్లించే ధర విరాళం కిందకి రాదు. నాటకం ఉంటే ఇంటిల్లిపాదికీ టికెట్లు కొనండి, వాళ్ళు వేసిన పుస్తకాలుంటే పది కాపీలు తెచ్చి ఇక్కడ బడి పిల్లలకి పంచండి. బిల్లు మాత్రం మీ పేరు మీద తీసుకోండి.