ధరలు తగ్గాయని ప్రభుత్వం లెక్కలు చూపిస్తున్నా సామాన్యులు ఎందుకు నమ్మడం లేదు?

ఈ ప్రశ్నను నా కొట్టు ముందు నిలబడి ఎవరో ఒకరు రోజూ అడుగుతూనే ఉంటారు కాబట్టి జవాబు రాస్తున్నాను. విజయవాడలో పన్నెండేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. ఆర్థిక శాస్త్రం చదువుకోలేదు గానీ, ఉల్లిపాయల నుంచి పార్శిల్ కవర్ల వరకు ఏ రోజు ఏది ఎంతకు కొన్నానో ఒక పుస్తకంలో రాసిపెట్టుకునే అలవాటు మొదటి రోజు నుంచీ ఉంది. జనానికి లెక్కలు అర్థం కావు అనే మాటను నేను ఎన్నటికీ ఒప్పుకోను. విప్పి చూపిస్తే అందరికీ అర్థమవుతాయి. చూపించే ఓపికే పైవారికి ఉండడం లేదు.

2025 నవంబరు రెండో వారంలో జరిగిన సంగతి ఇది. అంతకు ముందు రోజే అక్టోబరు నెల చిల్లర ధరల ద్రవ్యోల్బణం, అంటే ఏడాది కిందటితో పోలిస్తే ధరలు పెరిగిన శాతం, 0.25 మాత్రమేనని, 2012 ఆధారంగా అప్పుడు లెక్కించిన ధరల సూచీ మొదలైనప్పటి నుంచి ఇంత తక్కువ ఎప్పుడూ లేదని కేంద్రం ప్రకటించింది. సరిగ్గా ఆ ఉదయమే నేను బోర్డు మీద వేపుడు ధర 40 తుడిచి 45 అని రాశాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన చాలా ఏళ్లుగా మా దగ్గరే కూరలు తీసుకుంటారు. ఆయనను నేను బాబాయి గారూ అని పిలుస్తాను. ఆయన చంకలో మడతపెట్టిన పేపరు తీసి, గిన్నెల పక్కన పరిచి, "ఏమ్మా, ధరలు ఎన్నడూ లేనంతగా తగ్గాయని ఇక్కడ వేస్తే నువ్వేమో పెంచుతావేంటి?" అని కాస్త గట్టిగానే అడిగారు. వరుసలో ఉన్న మరో నలుగురు కూడా నా ముఖం వైపు చూశారు. నాకు కోపం రాలేదు కానీ మనసు చివుక్కుమంది. నేను దోచుకుంటున్నానని ఆయన అనుకోవడం నాకు ఇష్టం లేదు.

స్టూలు వేసి కూర్చోబెట్టి, ఆయన చేతికి నా పుస్తకం ఇచ్చాను. కళ్లజోడు మార్చుకుని, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివారు. ఏడాది కిందటి నవంబరులో కిలో 60 రూపాయలకు కొన్న ఉల్లిపాయలు అప్పుడు 22కే వస్తున్నాయి. కందిపప్పు, టమాటా కూడా బాగానే దిగాయి. ఆయన తలెత్తి, "మరి పేపర్లో వేసింది నిజమేగా!" అన్నారు. నిజమేనని ఒప్పుకుని నూనె పేజీ తీశాను. 15 కిలోల పామాయిల్ డబ్బా 2024 ఆగస్టులో 1,650 రూపాయలు, అక్టోబరులో 2,050 రూపాయలు, ఆ తరువాత ఏడాది గడిచినా 2,000 దిగిన రోజు ఒక్కటీ లేదు. కొట్టు అద్దె 14,000 నుంచి 16,000 అయింది, వంట చేసే ఆమె జీతం 2,000 పెరిగింది. 2023 జూలైలో టమాటా కిలో 150 రూపాయలు దాటినప్పుడు, మరుసటి ఏడాది కందిపప్పు కొండెక్కినప్పుడు కూడా రోజూ వచ్చేవారిని ఇబ్బంది పెట్టకూడదని ధర పెంచలేదు. ఆ రెండేళ్లూ నాకు చేతి చమురు వదిలింది. అందుకే కందిపప్పు దిగినా పప్పు కప్పు 30 రూపాయలనే ఉంచి, నూనె తాగే వేపుడుకు మాత్రం 5 రూపాయలు పెంచాను.

ఏడాదికి ఏడాది పోల్చి ఈసారి పెరగలేదని చెప్పే లెక్కలో, అంతకు ముందు మూడేళ్లలో పెరిగి అక్కడే కూర్చున్న ధరలు కనిపించవు. మనిషి మాత్రం ఆ మొత్తం ధరను జేబులోంచి తీసి ఇస్తాడు. రిజర్వ్ బ్యాంకు హైదరాబాదుతో సహా 19 నగరాల్లోని కుటుంబాలను అడుగుతూ చేసే సర్వేలో, అధికారిక లెక్క సున్నాకు దగ్గరగా ఉన్న ఆ రోజుల్లో కూడా జనం తమకు తెలిసిన ధరల పెరుగుదల 6 శాతానికి పైనే అని చెప్పారు. నా కొట్టు ముందు నిలబడే వారిని అడిగినా అంతకంటే తక్కువ చెప్పరు.

ఇంకో బాధ కూడా ఉంది. ఆ నెల సూచీని దించినవి ప్రధానంగా కూరగాయలు, పప్పులు. అదే కాలంలో కర్నూలులో ఉల్లి రైతుకు ధర రాక, క్వింటాలు 1,200 రూపాయలకు రాష్ట్ర ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. కిలోకు 12 రూపాయలన్న మాట. రైతు నష్టపోతే వచ్చిన తగ్గుదలను పరిపాలన సాధించిన విజయంగా చెప్పుకుంటే పల్లెలో ఎవరు నమ్ముతారు? మా పుట్టింటివారు ఉల్లి వేసి చేతులు కాల్చుకున్నవారే, అందుకే ఈ మాట ఇంత గట్టిగా అంటున్నాను.

నూనె సంగతి ఇంకా వివరంగా చెప్పాలి, ఎందుకంటే నమ్మకం ఎక్కడ తెగిపోయిందో అందులో బాగా తెలుస్తుంది. 2024 సెప్టెంబరు 14న ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకాన్ని అన్నీ కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచారు. సోయా పండించే వారికి మద్దతు ధర దక్కడం లేదన్న కారణం న్యాయమైనదే, నేను కాదనను. పాత సుంకంతో తెచ్చిన సరుకు ఉన్నంత వరకు ధర పెంచవద్దని కంపెనీలకు కేంద్రం చెప్పింది కూడా. కానీ మా హోల్‌సేల్ వ్యాపారి గోదాములో నెలనాటి డబ్బాల మీద మరుసటి వారమే కొత్త ధర వేసి ఇచ్చాడు. వాటి మీద తయారీ తేదీ చూపించి అడిగినా ప్రయోజనం లేకపోయింది. 2025 మే చివర ముడి నూనెల మీద మూల సుంకాన్ని (మిగతావి కలపక ముందు ఉండే అసలు సుంకాన్ని) 20 నుంచి 10 శాతానికి తగ్గించినప్పుడు మాత్రం నా డబ్బాకు తగ్గింది కొద్ది రూపాయలే. పెంచేటప్పుడు రాత్రికి రాత్రి, తగ్గించేటప్పుడు నెలలు పడుతుంటే మనిషి ఎవరిని నమ్మాలి? 2020 మేలో ముడిచమురు ధర ప్రపంచమంతా కుప్పకూలినప్పుడు పెట్రోలుపై లీటరుకు 10 రూపాయలు, డీజిలుపై 13 రూపాయలు సుంకం పెంచిన సంగతిని ఆటో నడిపే వారెవరూ ఈ రోజుకీ మరిచిపోలేదు.

లెక్కలు నచ్చకపోతే దాచేస్తారన్న అనుమానం కూడా ఊరికే పుట్టలేదు. 2017-18లో కుటుంబాల ఖర్చుల మీద చేసిన సర్వేను నాణ్యత సరిగా లేదని చెప్పి 2019లో విడుదల చేయకుండా ఆపేశారు. దాంతో 2025లో కూడా మన ఖర్చును 2011-12 నాటి బుట్టతోనే, అంటే ఇంటి ఖర్చులో ఏ సరుకుకు ఎంత వాటా అన్న అప్పటి పట్టికతోనే కొలిచారు. ఆ పదమూడేళ్లలో ఇంటి ఖర్చులో ఎన్ని మార్పులు వచ్చాయో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది.

మా రైతు బజారులో ప్రతి ఉదయం ధరల బోర్డు పెడతారు. అందులో ధర పెరిగిన రోజున కూడా ఎవరూ అధికారితో గొడవ పడరు, ఎందుకంటే అది అందరి కళ్ల ముందు ఉంటుంది, సరుకు కూడా ఆ ధరకే దొరుకుతుంది. పెట్రోలు బంకులో, నూనె డబ్బా మీద, సిలిండరు రసీదులో సరుకు ధర ఎంత, కేంద్రం పన్ను ఎంత, రాష్ట్రం పన్ను ఎంత, వ్యాపారి కమీషను ఎంత అని అంత పెద్ద అక్షరాలతో రాయమని నేను అడుగుతున్నాను. ఇది కోట్లు ఖర్చయ్యే పని కాదు.

బాబాయి గారు పుస్తకం మొత్తం చదివి, మూసి, నా చేతికిచ్చారు. 2025లో తన పింఛనులో కరువు సాయం జనవరి నుంచి 2 శాతం, జూలై నుంచి 3 శాతం మాత్రమే పెరిగిందనీ, అది కూడా ఇదే తరహా ధరల సూచీ చూసే ఇస్తారనీ, బీపీ మాత్రలకూ అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్‌కూ పెరిగింది అంతకంటే ఎక్కువేననీ నెమ్మదిగా చెప్పారు. "నీ లెక్క సరిగానే ఉందమ్మా" అన్నారు. ఆ రోజు పప్పు, రసం కట్టించుకుని, వేపుడు వద్దని వెళ్లిపోయారు. ఇప్పుడు వేపుడు ఆదివారం మాత్రమే తీసుకుంటున్నారు.