స్కూల్ 8కే పెట్టారు, పిల్లాడు లేవట్లేదు అన్నారుగా, మేం చేసింది ఇదండి

తొమ్మిదికి ఉండే స్కూల్ ఎనిమిదికి మార్చారు, తొమ్మిదో తరగతి బాబు టిఫిన్ తినకుండా పరిగెడుతున్నాడు, క్లాసులో నిద్రపోతున్నాడు అని రాశారు కదండి. ముందు వాణ్ణి తిట్టకండి, ప్లీజ్. ఆ వయసులో నిద్ర తెప్పించే హార్మోన్ మెలటోనిన్ రాత్రి లేటుగా మొదలవుతుంది, పదింటికి పడుకోమన్నా నిద్ర పట్టదు, అది బద్ధకం కాదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే హైస్కూళ్ళు 8:30 కన్నా ముందు పెట్టొద్దని చెప్పింది. టీనేజ్ వాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలండి.

మాది కోనసీమలో లంక ఊరు, రేవు దాటి బస్సెక్కాలి, మా అమ్మాయికీ ఇదే గొడవ. పడుకునే, లేచే టైము ఒక్కసారే గంట ముందుకి లాగితే కుదర్లేదు, మూడ్రోజులకోసారి పావుగంట చొప్పున జరిపాం, లేపగానే అరుగు మీద వెలుతుర్లో కూర్చోబెట్టేదాన్ని, అదే బాగా పనిచేసింది. ఫోను రాత్రి తొమ్మిదికి నా దగ్గరే. ఆదివారం కూడా మరీ లేటుగా లేవనివ్వకండి, సోమవారం మళ్ళీ మొదటికొస్తుంది.

తిండికి, రాత్రే అన్నంలో పాలు పోసి తోడేస్తే పొద్దున్నకి గట్టిగా పెరుగన్నం అయిపోద్ది, ఉల్లిపాయ నంజుకుని అయిదు నిమిషాల్లో తినేస్తారు. పొట్టిక్కలైతే, అదే పనసాకు బుట్టలో వండే ఇడ్లీలు, ఆ బుట్టతోనే బాక్సులో పెట్టేయండి, ఇంటర్వెల్లో తింటాడు.

ఇంకోటి, ఒక్కరే వెళ్ళి అడక్కండి, అదే బస్సుకొచ్చే పిల్లల తల్లిదండ్రులంతా కలిసి బస్ టైము రాసి హెడ్మాస్టర్ గారికి కాగితం ఇవ్వండి. మేం అలా ఇస్తేనే మొదటి పీరియడ్‌కి పదినిమిషాలు వెసులుబాటు ఇచ్చారు.