ఫుటీ తెలియదా? జిమ్ స్టైన్స్‌తో మొదలుపెట్టండి

ప్రశ్న: మెల్‌బోర్న్ వచ్చి కొన్ని నెలలైంది. సోమవారం ఆఫీసులో అందరూ ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) గురించే మాట్లాడుకుంటారు. మాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: రూల్స్ మెల్లగా వస్తాయి. ముందు జిమ్ స్టైన్స్ గురించి తెలుసుకోండి. ఆయనా మనలాగే బయటి నుంచి వచ్చినవాడే. 1984లో డబ్లిన్ నుంచి మెల్‌బోర్న్ క్లబ్‌కి వచ్చేనాటికి 18 ఏళ్లు. అక్కడ ఆడింది గుండ్రటి బంతితో ఆడే ఐర్లాండ్ ఆట, గేలిక్ ఫుట్‌బాల్. ఇక్కడి కోలబంతిని తన్నడం మొదటి నుంచి నేర్చుకున్నాడు.

1987 ప్రిలిమినరీ ఫైనల్లో, అంటే ఫైనల్‌కి ముందు మ్యాచ్‌లో, మెల్‌బోర్న్ గెలుపు అంచున ఉంది. ఆఖరి క్షణాల్లో హాథార్న్ ఆటగాడు గ్యారీ బకెనారా ఫ్రీ కిక్ తన్నబోతుంటే, స్టైన్స్ అతని ముందు నుంచి అడ్డంగా పరిగెత్తాడు. అది తప్పు. అంపైర్ బకెనారాని 15 మీటర్లు ముందుకు జరిపాడు. సైరన్ మోగాక తన్నిన బంతి గోల్ అయింది, మెల్‌బోర్న్ 2 పాయింట్ల తేడాతో ఓడింది. కొత్త దేశంలో, అందరి కళ్ల ముందు అలాంటిది జరిగితే ఎవరైనా ఇంటికి టికెట్ కొనుక్కుంటారు. ఆయన ఆ ఏడాది నుంచి 1998 వరకు ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా వరుసగా 244 ఆడాడు. ఆ రికార్డు ఇప్పటికీ ఆయనదే. 1991లో, అంపైర్ల ఓట్లతో సీజన్‌లో మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్లో మెడల్ గెలిచాడు. విదేశంలో పెరిగి వచ్చి దాన్ని అందుకున్నది ఆయన ఒక్కడే.

అయినా ఈ ఊరు ఆయన్ని తలుచుకునేది మెడల్ కోసం మాత్రమే కాదు. 1994లో పాల్ కరీతో కలిసి టీనేజీ పిల్లల కోసం రీచ్ సంస్థ పెట్టాడు. నా దృష్టిలో ఆయన చేసిన పనుల్లో అదే పెద్దది. 2008లో అప్పుల్లో ఉన్న క్లబ్‌కి అధ్యక్షుడై, క్యాన్సర్ చికిత్స తీసుకుంటూనే అప్పు తీర్పించాడు. 2012 మార్చిలో, 45 ఏళ్లకే పోయాడు. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. సమాజసేవ చేసే ఆటగాళ్లకు ఫుటీ లీగ్ ఏఎఫ్ఎల్ ఆయన పేరు మీద అవార్డు ఇస్తుంది.

ఎంసీజీ బయట ఆయన విగ్రహం ఉంది. డాక్‌ల్యాండ్స్ దగ్గర యారా నది ఒడ్డున జిమ్ స్టైన్స్ బ్రిడ్జి మీద ఒక సాయంత్రం నడవండి. చిన్న పిల్లలుంటే, పిల్లలకు ఫుటీ నేర్పే ఆస్కిక్‌లో చేర్పించండి. అక్కడ చాలా పనులు తల్లిదండ్రులే చూసుకుంటారు, మీరూ ఓ చెయ్యి వేయండి. పరిచయాలు వాటంతటవే అవుతాయి.