కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ పార్ట్‌నర్‌షిప్: సీపీఏ చెప్తేనే పెట్టాం అంటే పెనాల్టీ తప్పుతుందా?

మీరు 2019లో కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ పార్ట్‌నర్‌షిప్‌లో (అంటే కొందరు కలిసి స్థలం కొని, దాన్ని అభివృద్ధి చేసే హక్కును శాశ్వతంగా దానమిచ్చి పన్ను తగ్గించుకునే పథకంలో) 50 వేల డాలర్లు పెట్టి, పన్ను పడే ఆదాయంలోంచి 2,25,000 డాలర్ల డిడక్షన్ (తగ్గింపు) తీసుకున్నారు, ఇప్పుడు పార్ట్‌నర్‌షిప్‌కి ఆడిట్ వచ్చింది. సీపీఏ (మీ అకౌంటెంట్) మాట నమ్మాం కదా అని మీ ప్రశ్న. ఆ మాట ఇక్కడ పనిచేయదండి. అట్లాంటాలో డాక్టరుగా ఉన్న మా బావగారు 2014లో ఇలాంటి దాంట్లోనే చేరారు. ఆ కాగితాలన్నీ ఆయనతో కూర్చుని నేను చదివాను.

దానమిచ్చిన ఆ హక్కుకి చూపిన విలువ అసలు విలువకు రెట్టింపు, అంతకు మించి ఉందని తేలితే పెనాల్టీ 20 కాదు, 40 శాతం. దాతృత్వ డిడక్షన్లలో ఈ 40 శాతానికి 'మంచి నమ్మకంతో చేశాం' అనే మినహాయింపును చట్టమే తీసేసింది. మీ లెక్కే చూడండి: 35 శాతం శ్లాబు అనుకుంటే డిడక్షన్ వల్ల ఆదా అయిన పన్ను 78,750 డాలర్లు. డిడక్షన్ మొత్తం పోతే అది కట్టాలి, పైన 31,500 పెనాల్టీ. పెట్టిన 50 వేలు వేరే. వడ్డీ పన్ను మీదే కాదు, పెనాల్టీ మీద కూడా రిటర్న్ గడువు నుంచే నడుస్తుంది. బావగారికి బాగా దెబ్బ కొట్టింది అదే.

2020 జూన్‌లో ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఇలాంటి కేసుల్లో రాజీకి పిలిచింది. ఇన్వెస్టర్లకు పెట్టిన డబ్బు వరకు డిడక్షన్, పెనాల్టీ 10 నుంచి 20 శాతం. కానీ పార్ట్‌నర్లందరూ ఒప్పుకోవాలి. బావగారి పార్ట్‌నర్లలో కొందరు కోర్టులో గెలుస్తామని పట్టుబట్టారు, అవకాశం పోయింది. ఇంత మంచి షరతులు వదులుకోవడం నాకు ఇప్పటికీ బాధే.

మీది 2017 తర్వాతి సంవత్సరం కాబట్టి ఆడిట్‌లో పార్ట్‌నర్‌షిప్ ప్రతినిధి ఒక్కరి మాటే చెల్లుతుంది. ఆ మనిషి ప్రమోటర్ (ఈ పథకం నడిపి అమ్మినవాళ్లు) తాలూకా అయితే, ఏం జరుగుతోందో రాతపూర్వకంగా అడుగుతూ ఉండండి. పన్ను భారాన్ని పార్ట్‌నర్‌షిప్ కట్టకుండా పార్ట్‌నర్ల మీదకు తోస్తే, మీ వాటా చూపే 8986 ఫారం మీకు వస్తుంది, అప్పుడు వడ్డీ మామూలు కన్నా 2 శాతం ఎక్కువ.

ఇలాంటి లావాదేవీలో ఉన్నామని ఐఆర్ఎస్‌కి చెప్పే 8886 ఫారం వేశారో లేదో ఈ వారమే చూసుకోండి. వేయకపోతే తగ్గిన పన్నులో 75 శాతం దాకా విడిగా పెనాల్టీ ఉంది, వ్యక్తులకు గరిష్ఠం లక్ష డాలర్లు. ప్రమోటర్ చూపించే లాయర్ వద్దు, సొంతంగా ట్యాక్స్ అటార్నీని పెట్టుకోండి. పన్ను చట్టం 6603 సెక్షన్ కింద ఐఆర్ఎస్‌కి ముందుగా డిపాజిట్ కడితే ఆ మేరకు వడ్డీ ఆగుతుంది. మీ విషయంలో అది ఎలా కట్టాలో మొదటి మీటింగ్‌లోనే అడగండి.