ప్రశ్న ఎక్కడ పుట్టిందో, జవాబు ఏమైందో రాయండి: ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన మిత్రమా,

శాస్త్ర సాంకేతిక విషయాలపై పార్లమెంటు జరిపే మదింపులో, అంటే కొత్త సాంకేతికతల మంచిచెడ్డలను చట్టసభ కోసం తూచి చూసే పనిలో, సామాన్య పౌరులకు చోటు ఉండాలంటూ మీరు పంపిన వ్యాసం చిత్తుప్రతిని శ్రద్ధగా చదివాను. భాష బాగుంది. విషయం మీద మీకున్న ఆరాటం కూడా నిజమైనదే. అయితే చదవడం పూర్తయ్యేసరికి పౌరులు పాల్గొనడం మంచిదన్న అభిప్రాయం మిగిలింది తప్ప, వాళ్లను ఎవరు పిలిచారో, వాళ్లు ఏం అడిగారో, చివరికి వాళ్లు రాసిచ్చిన కాగితం ఏమైందో నాకు తెలియలేదు. ఒక ప్రశ్న ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారి చట్టసభకు చేరింది, చేరాక దానికి ఏ గతి పట్టింది అని చెప్పడమే ఈ విషయం మీద రాసేవారి అసలు పని అని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఇంత పొడవైన ఉత్తరం రాస్తున్నాను.

అమెరికా కాంగ్రెస్ 1972లో చట్టం చేసి నెలకొల్పుకున్న సాంకేతిక మదింపు కార్యాలయంతో మీరు మొదలుపెట్టారు. అది సరైన చోటే. 1995లో మూతపడేలోగా ఆ కార్యాలయం వందల నివేదికలు ఇచ్చింది. కాని వాటి వెనుక ఉన్నది ప్రధానంగా నిపుణులు, ఆయా రంగాలతో ప్రయోజనం ముడిపడి ఉన్న వర్గాల ప్రతినిధులు. మామూలు మనిషి నేరుగా వచ్చి కూర్చునే ఏర్పాటు అందులో లేదు. ఆ తర్వాత ఫ్రాన్స్ 1983లో, నెదర్లాండ్స్, డెన్మార్క్ 1986లో, యూరోపియన్ పార్లమెంటు 1987లో, బ్రిటన్ 1989లో, జర్మనీ 1990లో ఇలాంటి ఏర్పాట్లు చేసుకున్నాయని మీరు ఒక పేరా నిండా సంవత్సరాలు పేర్చారు. పాఠకుడికి అవన్నీ అక్కరలేదు. కొన్ని దేశాల్లో ఈ సంస్థలు పార్లమెంటు కమిటీలకు నివేదికలు రాసిపెట్టడమే తమ పనిగా పెట్టుకున్నాయి. డెన్మార్క్‌లోను, తర్వాత స్విట్జర్లాండ్, నార్వేలలోను మాత్రం జనంలో చర్చ లేవదీయడాన్ని కూడా తమ బాధ్యతగా తీసుకున్నాయి. ఈ ఒక్క తేడా స్పష్టంగా చెబితే ఆ పేరా తన పని చేసినట్టే.

డెన్మార్క్ దగ్గర మాత్రం ఆగండి. అక్కడ మీరు రెండు వాక్యాలు రాసి ముందుకు వెళ్లిపోయారు. పరిశ్రమల్లో, వ్యవసాయంలో జన్యు సాంకేతికత వాడకంపై 1987లో జరిగిన తొలి ఏకాభిప్రాయ సదస్సు నుంచి అక్కడివారు క్రమంగా ఒక పద్ధతిని తీర్చిదిద్దుకున్నారు. ఆ విషయంలో ఏ ప్రత్యేక పరిజ్ఞానమూ, స్వప్రయోజనమూ లేని పద్నాలుగు పదిహేను మందిని వయసు, చదువు, వృత్తి, నివాసం, స్త్రీ పురుష నిష్పత్తి చూసుకుని ఎంచుతారు. వాళ్లు రెండు వారాంతాలు కలిసి గడుపుతారు. చదవడానికి తేలిక భాషలో రాసిన పరిచయ పత్రం ఇస్తారు. సదస్సులో ఏయే ప్రశ్నలు అడగాలో వాళ్లే తేల్చుకుంటారు, వాటికి ఎవరు జవాబు చెప్పాలో నిపుణుల ఎంపికలోనూ వాళ్ల మాట చెల్లుతుంది. తర్వాత మూడు నాలుగు రోజుల బహిరంగ సదస్సు. నిపుణులు జవాబులు చెబుతారు, పౌరులు గుచ్చి గుచ్చి అడుగుతారు, సభలో కూర్చున్నవారు వింటారు. అప్పుడు పౌరులు ఒక గదిలో చేరి, తరచుగా అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని, అందరూ ఒప్పుకునే మాటలను తమ సొంత వాక్యాల్లో రాస్తారు. మర్నాడు పొద్దున అది అందరి ముందూ చదువుతారు. అప్పుడు నిపుణులు లేచి వాస్తవాల తప్పులు ఉంటే దిద్దవచ్చు. అంతకు మించి ఒక్క అభిప్రాయాన్ని కూడా మార్చడానికి వీల్లేదు. ఈ మొత్తం వ్యవహారంలో నా మనసుకు బాగా దగ్గరైనది ఈ నియమమే. ఏది నిజమో చెప్పే అధికారం నిపుణుడిది, దాన్ని ఏం చేసుకోవాలో చెప్పే అధికారం పౌరుడిది అనే హద్దు ఇక్కడ కంటికి కనిపిస్తుంది. మీ వ్యాసంలో ఈ ఉదయానికి కనీసం ఒక పూర్తి పేరా ఇవ్వండి.

ఇలా దగ్గరగా చూపిస్తే, రెండు వారాంతాల్లో మామూలు మనుషులు శాస్త్రవేత్తలు అయిపోతారా అన్న సందేహానికి జవాబు దానంతటదే వస్తుంది. కారు, కానక్కరలేదు కూడా. సూటిగా అడిగి, వచ్చిన జవాబులో ఏది తేలిందో, ఏది దాటవేశారో గుర్తుపట్టగలిగితే చాలు. ఓటు వేసే పార్లమెంటు సభ్యుడు మాత్రం జన్యుశాస్త్రం చదివి వచ్చాడా? చాలా సందర్భాల్లో అతను కూడా ఆ విషయంలో సామాన్యుడే. ఈ వాదన మీ చిత్తుప్రతిలో ఎక్కడా లేదు. నా దృష్టిలో పౌరుల పక్షాన ఉన్న అతి బలమైన వాదన ఇదే.

ఇక ప్రశ్నను ఎవరు కట్టారన్నది చూడండి. నిపుణుల కమిటీ ముందుకు వచ్చే ప్రశ్న సాధారణంగా "ఇది సురక్షితమేనా" అని ఉంటుంది. పౌరులు కూర్చున్న చోట "ఇది మనకు అవసరమా, లాభం ఎవరికి, తేడా వస్తే ఎవరు జవాబుదారీ" అన్నవి కూడా వచ్చి చేరతాయి. 1998లో ఫ్రాన్స్ పార్లమెంటుకు చెందిన శాస్త్ర సాంకేతిక మదింపు కార్యాలయం జన్యుమార్పిడి పంటలపై పారిస్‌లో పౌర సదస్సు జరిపినప్పుడు, ఆహార పదార్థాలపై స్పష్టమైన లేబుళ్లు ఉండాలనీ, యాంటీబయాటిక్‌లను తట్టుకునే గుర్తు జన్యువులను (జన్యుమార్పిడి జరిగిన కణాలను గుర్తుపట్టడానికి చేర్చే జన్యువులను) మొక్కల్లో వాడరాదనీ పౌరులు కోరారు. రెండోది ఎంత సాంకేతికమైన కోరికో గమనించారా? దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా మీ దగ్గర ఉండాలి. 2009 సెప్టెంబరు 26న భూతాపంపై 38 దేశాల్లో దాదాపు 4,000 మంది పౌరులు ఒకే రోజు చర్చించారు. అందరికీ ఒకే సమాచార పత్రం, అవే ప్రశ్నలు. దేశాల జవాబులను పోల్చడానికి అది వీలైన పద్ధతే. కాని ప్రశ్నలు ముందే ఖరారైపోయాయి కాబట్టి, డేనిష్ పౌరులు చేసినట్టు ప్రశ్ననే మార్చే అవకాశం అక్కడివారికి దక్కలేదు. రెంటికీ "పౌర భాగస్వామ్యం" అన్న ఒకే పేరు పెట్టి వదిలేస్తే పాఠకుడికి అన్యాయం చేసినట్టే.

ఎవరు వచ్చారన్నది కూడా అంతే ముఖ్యం. ఇది పార్లమెంటు కాక ప్రభుత్వం పూనుకున్న చర్చే అయినా, బ్రిటన్‌లో 2003లో జన్యుమార్పిడి పంటలపై జరిగినది చదివి తీరాలి. ఇష్టమున్న ఎవరైనా సభలకు రావచ్చు, అభిప్రాయ పత్రం నింపవచ్చు. 36 వేలకు పైగా పత్రాలు వచ్చాయి, వాటిలో వ్యతిరేకత చాలా ఎక్కువ. ముందే గట్టి అభిప్రాయం ఉన్నవాళ్లే వచ్చారేమోనన్న అనుమానం నిర్వాహకులకూ ఉంది. అందుకే అంతకుముందు ఈ చర్చతో సంబంధం లేని 77 మందిని ఎంచి, చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, చదువుకోవడానికి కొంత వ్యవధి ఇచ్చారు. వాళ్లు మొదట్లో అంత తీవ్రంగా లేరు, కాని విషయం తెలుసుకున్నకొద్దీ వాళ్ల ఆందోళన కూడా గట్టిపడింది. జనానికి తెలియకనే భయపడుతున్నారు, తెలియజెబితే ఒప్పుకుంటారు అని నమ్మేవారికి ఈ ఫలితం మింగుడుపడలేదు. మీరు మాత్రం ఇందులోంచి జన్యుమార్పిడి పంటలు చెడ్డవన్న తీర్పు లాగకండి. ఎంపిక పద్ధతి మారితే వినిపించే గొంతు ఎంతవరకు మారుతుందో, ఎంతవరకు మారదో చూపించండి.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన భాగం, జవాబు ఏమైందన్నది. 1987 సదస్సు తర్వాత డెన్మార్క్ పార్లమెంటు తన తొలి జీవసాంకేతిక పరిశోధన కార్యక్రమంలో జంతువులపై జన్యు సాంకేతికత ప్రాజెక్టులకు నిధులు ఇవ్వలేదు. మీరు దీన్ని "పౌరులు చట్టసభను మార్చారు" అని రాశారు. అలా రాయకండి. ఒక నిర్ణయానికి పది కారణాలు ఉంటాయి. సదస్సు తర్వాత పార్లమెంటు ఇలా నిర్ణయించింది అంటే చాలు, ఆ మాట ఎవరు ప్రశ్నించినా నిలబడుతుంది. ఓటమిని కూడా ఇంతే నిజాయతీగా రాయాలి. నెదర్లాండ్స్‌లో 1981 నుంచి 1983 దాకా ఇంధన విధానంపై దేశమంతటా విస్తృత చర్చ జరిగింది. కొత్త అణు విద్యుత్ కేంద్రాలు వద్దన్నదే జనాభిప్రాయంగా తేలింది. అయినా 1985లో ప్రభుత్వం కొత్తవి కట్టాలనే నిర్ణయించింది. ఆ నిర్ణయం ఆగింది 1986లో చెర్నోబిల్ ప్రమాదం వల్ల. సంవత్సరాల తరబడి మాట్లాడినవారికి ఇది ఎంత చేదుగా ఉండి ఉంటుందో ఊహించండి. మళ్లీ పిలిస్తే వాళ్లు ఎందుకు రావాలి? పార్లమెంటు పౌరుల సలహాను తప్పక పాటించాలని నేను అనను. కాని తీసుకోనప్పుడు ఎందుకు తీసుకోలేదో లిఖితపూర్వకంగా చెప్పడం దాని విధి, అలా చెప్పిందో లేదో వెతకడం మీ విధి.

పదిహేను మంది దేశానికి ప్రతినిధులు ఎలా అవుతారన్న అభ్యంతరాన్ని మీరు ఒక్క ముక్కతో కొట్టిపారేశారు. అది న్యాయమైన ప్రశ్న. వాళ్లు ప్రతినిధులు కారు, వాళ్లను ఎవరూ ఎన్నుకోలేదు, అందుకే నిర్ణయం పార్లమెంటు సభ్యులదే. పౌరులు చేసేది కమిటీ బల్ల మీద లేని ఆలోచనలను అక్కడికి చేర్చడం. అది కూడా సకాలంలో జరగాలి. కొత్త సాంకేతికతను మొదట్లో మళ్లించడం సులువు గాని దాని పరిణామాలు అప్పటికి తెలియవు, తెలిసే నాటికి అది పాతుకుపోయి మార్చడం కష్టమవుతుంది అని సాంకేతికతపై సమాజ నియంత్రణ గురించి రాసిన పరిశోధకుడు డేవిడ్ కాలింగ్రిడ్జ్ 1980లోనే వివరించాడు. పౌరులను ఎప్పుడు పిలవాలన్న చర్చకు ఇది పునాది. దీన్ని మీ వ్యాసం నడుమకు తీసుకురండి.

ఈ సంస్థలు శాశ్వతం అన్న ధ్వని కూడా మీ రాతలో ఉంది. ఏకాభిప్రాయ సదస్సులతో ఇంత పేరు తెచ్చుకున్న డెన్మార్క్ మదింపు సంస్థ సాంకేతిక మండలికే 2011లో ప్రభుత్వ నిధులు నిలిపివేయాలని నిర్ణయించారు. 2012లో అది స్వతంత్ర ఫౌండేషన్‌గా మారింది. పార్లమెంటు గడపలో ఉన్న సంస్థకూ, ప్రాజెక్టుల ఆదాయంతో నడిచే ఫౌండేషన్‌కూ మధ్య పౌరుల మాట సభ్యుల చెవిన పడే దారి ఎంత మారుతుంది? దీనికి సిద్ధమైన జవాబు ఎక్కడా దొరకదు. కమిటీ సమావేశాల రికార్డులు, సభ్యుల ప్రసంగాలు, ఆ సదస్సుల్లో కూర్చున్నవారి మాటలు ఓపికగా సేకరించాలి.

మలి ప్రతిలో ముందుగా ఏదైనా ఒక్క సదస్సును తీసుకోండి. పౌరులు రాసిన తుది పత్రం తెప్పించుకుని, ఆ తర్వాతి ఏడాది అదే విషయంపై పార్లమెంటులో నడిచిన చర్చను దాని పక్కన పెట్టుకుని చదవండి. పౌరుల వాక్యాల్లో ఏది సభలో వినిపించిందో, ఏది వినిపించలేదో గుర్తుపెట్టి ఆ భాగం ఒక్కటే రాసి పంపండి. మిగతా వ్యాసం గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి