సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్ పాత బండి కొన్నారా? సామాన్లు ఇలా వెతకండి

ఓపీటీలో (అమెరికాలో చదువుకున్నవాళ్ళకి ఇచ్చే పని అనుమతి) ఉద్యోగం వచ్చి నాలుగు జీతాలు పడగానే మన కుర్రాళ్ళ మనసు పాత స్పోర్ట్స్ కారు మీదకి పోవడం డాలస్‌లో నేను చాలా ఏళ్ళ నుంచి చూస్తున్నా, అందులో తప్పేం లేదు, ఆ వయసులో నడపకపోతే ఇంకెప్పుడు నడుపుతారు. ఈ మధ్య ఎక్కువమంది కొంటున్నది 2013 నుంచి 2016 దాకా వచ్చిన సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్. కొన్నాక భయం మొదలవుతుంది, "అన్నా, సయాన్ కంపెనీయే ఎత్తేశారంట కదా, రేపు ఏదన్నా పోతే సామాన్లు దొరుకుతాయా" అని అడుగుతారు. దొరుకుతాయి, ఇబ్బంది లేదు, కానీ ఏ పేరు మీద వెతకాలో తెలియకపోతే మాత్రం డబ్బులు ఊరికే పోతాయి.

సయాన్ వేరే కంపెనీ కాదు, టయోటా వాళ్ళ బ్రాండే. 2016లో ఆ పేరు తీసేసి అదే కారుని 2017 మోడల్ నుంచి టయోటా 86 అని అమ్మారు. ఇదే కారు సుబారు షోరూంలో బీఆర్‌జెడ్. మూడూ జపాన్‌లో సుబారు ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి, ఇంజిన్ కూడా సుబారు వాళ్ళ 2.0 లీటర్ బాక్సర్, ఎఫ్ఏ20 అంటారు. అందుకే మీ బండి మీద సయాన్ అని ఉన్నా విన్ నంబరు (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబరు) సుబారు వాళ్ళదే, జేఎఫ్1తో మొదలవుతుంది. దీనివల్ల మీకు వచ్చే లాభం ఏంటంటే ఒకే పార్ట్‌కి రెండు డీలర్లు ఉన్నట్టు. టయోటా పార్ట్స్ కౌంటర్‌లో ఈ కారు పార్ట్ నంబర్లు చాలావరకు ఎస్‌యూ003 అని మొదలవుతాయి, అదే సామాను సుబారు వాళ్ళ దగ్గర వాళ్ళ సొంత నంబరుతో ఉంటుంది, ధర మాత్రం ఒక్కోసారి బాగా తేడా. నేనైతే ఎవరికైనా మొదట చెప్పేది ఇదే, రెండు చోట్లా అడగకుండా ఒరిజినల్ పార్ట్ కొనకండి.

అసలు కొనడం కంటే ముందు పార్ట్ నంబరు సంపాదించండి. మన ఊళ్ళో షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్కే చూసి, ఆటోనగర్‌కి కుర్రాణ్ణి పంపి, పాత సామాను పక్కన కొత్తది పెట్టి చూసి తెస్తాడు. ఇక్కడ ఆ పని మీరే చెయ్యాలి. డీలర్‌కి విన్ నంబరు ఇస్తే మీ బండికి ఏ నంబరు పార్ట్ వస్తుందో చెప్తారు, టయోటా డీలర్లు చాలామంది ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతారు, అక్కడ విన్ కొడితే బొమ్మతో సహా వస్తుంది, కౌంటర్ ధర కంటే తక్కువకే ఇస్తారు చాలాసార్లు. విన్‌లో పదో అక్షరం మోడల్ సంవత్సరం, డి అంటే 2013, ఈ 2014, ఎఫ్ 2015, జీ 2016. అమ్మినవాడు 2014 అన్నాడని మీరు 2014కి ఆర్డర్ పెట్టేసి, తీరా చూస్తే బండి 2013 అయితే తిప్పి పంపడానికి షిప్పింగ్ మీ జేబులోంచే.

అదే కారు కదా అని అన్నీ సరిపోవు, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. తలుపులు, డిక్కీ మూత లాంటివి పర్లేదు, కానీ ముందు బంపర్, హెడ్‌లైట్లు ఎఫ్‌ఆర్-ఎస్‌కి వేరు, బీఆర్‌జెడ్‌కి వేరు. 2017లో మొహం మార్చారు కాబట్టి ఆ బంపర్లు, లైట్లు అంతకుముందు బండికి నేరుగా రావు. 2017 నుంచి మాన్యువల్ బండికి వెనక డిఫరెన్షియల్ (చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టె) రేషియో 4.1 నుంచి 4.3 చేశారు, జంక్‌యార్డ్ (పాత కార్ల సామాన్లు అమ్మే యార్డు) నుంచి డిఫరెన్షియల్ తెచ్చేటప్పుడు ఏ సంవత్సరం బండి, మాన్యువలా ఆటోమేటికా అని అడక్కుండా తేవద్దు. 2022 మోడల్ నుంచి వచ్చిన జీఆర్86లో ఇంజిన్ 2.4 లీటర్లు, దాని ఇంజిన్ సామాన్ల జోలికి పోకండి. చక్రాలు మాత్రం హాయి, బోల్టుల కొలత 5 బై 100, మామూలు ఇంప్రెజాదీ అదే, కానీ క్యామ్రీ చక్రాలు 5 బై 114.3, టయోటానే కదా అని ఎవడో అంటగడితే తీసుకోకండి. టైర్లతో సహా కొంటుంటే టైరు పక్కన డీఓటీ అని ఉన్నచోట చివరి నాలుగు అంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఏళ్ళు గడిచిన రబ్బరుతో ఈ కారుని వర్షంలో తోలడం మంచిది కాదు, ఇంజిన్ బలం వెనక చక్రాలకి వెళ్ళే బండి ఇది, జారితే మీకు టైం ఇవ్వదు.

ఇక కొత్త పార్ట్స్ సంగతి. ఫిల్టర్లు, సెన్సర్లు, బ్రేక్ ప్యాడ్లు లాంటివి రాక్ఆటో వెబ్‌సైట్‌లో చూడండి. ఒకే ఆర్డర్‌లో పార్ట్స్ వేరే వేరే గోడౌన్ల నుంచి వస్తే ఒక్కోదానికీ షిప్పింగ్ పడుతుంది, మొదటిది ఎంచుకున్నాక అదే గోడౌన్ నుంచి వచ్చేవాటికి గుర్తు చూపిస్తుంది, అవే తీసుకోండి. డెన్సో, ఐసిన్ లాంటివాళ్ళు టయోటాకే సప్లై చేసే కంపెనీలు, వాళ్ళ సొంత డబ్బాలో కొంటే డీలర్ డబ్బా కంటే తక్కువ. పేరులేని ఆక్సిజన్ సెన్సర్ 20 డాలర్లకి వస్తుందని పెడితే మళ్ళీ అదే చెక్ ఇంజిన్ లైటు. స్పార్క్ ప్లగ్గులకి డూప్లికేట్లు విపరీతం, ఆన్‌లైన్ మార్కెట్‌లో అమ్మేది ఎవరో తెలియకుండా తీసుకోవద్దు. కోర్ చార్జ్ అని బిల్లులో కనపడితే కంగారు పడకండి, ఆల్టర్నేటర్, బ్రేక్ క్యాలిపర్ లాంటివాటికి మీ పాతది తిరిగి ఇస్తే ఆ డబ్బు వెనక్కి ఇస్తారు, అందుకని పాతది చెత్తలో పడేయకుండా కొత్తది వచ్చిన డబ్బాలోనే పెట్టి పంపండి.

వాడిన సామాన్లు కావాలంటే కార్-పార్ట్ డాట్ కామ్, అమెరికా అంతటా జంక్‌యార్డుల్లో ఏ బండిది ఏముందో, ఎన్ని మైళ్ళు తిరిగిందో, ఎంత దూరంలో ఉందో అన్నీ ఒకచోట చూపిస్తుంది. తలుపో డిక్కీ మూతో కావాలంటే మీ రంగు బండిదే వెతకండి, రంగు కోడ్ డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. రెండు వారాలు ఆగితే ఆగారు గానీ అదే రంగు దొరికితే పెయింట్ ఖర్చు మొత్తం మిగులుతుంది, ఇక్కడ ఒక్క తలుపుకి పెయింట్ అంటేనే వందల డాలర్లు. ఎల్‌కేక్యూ వాళ్ళ పిక్ యువర్ పార్ట్ లాంటి యార్డులైతే చిన్న ఎంట్రీ ఫీజు కట్టి మన స్పానర్లతో మనమే ఊడదీసుకోవాలి, బూట్లు తప్పనిసరి, ధర చాలా తక్కువ, కాకపోతే స్పోర్ట్స్ కార్లు అక్కడికి వచ్చిన కొద్ది రోజుల్లోనే ఖాళీ అయిపోతాయి కాబట్టి వాళ్ళ వెబ్‌సైట్‌లో స్టాక్ చూసి వెళ్ళండి. ఫేస్‌బుక్‌లో అమ్మేవాళ్ళకి సామాను చూడకుండా జెల్‌లో (బ్యాంకు నుంచి నేరుగా డబ్బు పంపే యాప్) డబ్బు పంపొద్దు, పోతే తిరిగి రాదు.

ఒక్కటి మాత్రం నేను గట్టిగా చెప్తా, ఎయిర్‌బ్యాగ్ వాడినది కొనకండి, చవకది కొనకండి. నకిలీ ఎయిర్‌బ్యాగుల గురించి ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ 2012లోనే హెచ్చరించింది, 2024లో మళ్ళీ చవక ఇన్‌ఫ్లేటర్ల వల్ల మనుషులు చనిపోయారని చెప్పింది. అది డీలర్ దగ్గర కొత్తదే, అక్కడే బిగించుకోవాలి. సాల్వేజ్ టైటిల్ బండి (బాగా దెబ్బతిన్నదని కాగితాల్లో రాసిన బండి) కొన్నవాళ్ళయితే లోపల అసలు ఎయిర్‌బ్యాగ్ ఉందో లేదో ముందు చెక్ చేయించండి, ఈ వారమే చేయించండి.

రికాల్ (లోపం ఉందని కంపెనీయే బండ్లు పిలిచి బాగుచేయడం) సంగతి కూడా విన్‌తో ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో చూడండి. 2013 బండ్లకి వాల్వ్ స్ప్రింగుల రికాల్ 2018లో వచ్చింది, అది ఇంజిన్ విప్పి చేసే పెద్ద పని, మీ బండికి అయిందా లేదా కనుక్కోండి. ఇంకా అవ్వకపోతే టయోటా డీలరే ఫ్రీగా చేస్తాడు.

క్లచ్ దగ్గర కిచకిచ చప్పుడు వస్తే, పెడల్ తొక్కగానే మారితే, చాలాసార్లు అది రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని నెట్టే బేరింగ్) పోయినట్టు. బేరింగ్ ధర పెద్దదేం కాదు, గేర్‌బాక్స్ దించడానికి పట్టే కూలీ పెద్దది. చాలా షాపుల్లో గంటకి 150 డాలర్లు దాటి తీసుకుంటున్నారు, కాబట్టి ఎలాగూ దించుతున్నారు కదా అని క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మొత్తం సెట్టు ఒకేసారి వేయించండి. మన దగ్గర సామాను ఖరీదు, కూలీ చవక, ఇక్కడ లెక్క తిరగబడుతుంది. సామాన్లు మీరే తెస్తామంటే కొన్ని షాపులు ఒప్పుకోవు, ఒప్పుకున్నా వారంటీ ఇవ్వవు, ఆర్డర్ పెట్టకముందే అడగండి.

స్పీడ్ కోసమని ఎగ్జాస్ట్ హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే మొదటి గొట్టాలు) మార్చే సరదా ఉన్నవాళ్ళకి ఒక మాట. ఈ ఇంజిన్‌కి ముఖ్యమైన క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషవాయువులు తగ్గించేది) ఆ హెడర్‌లోనే ఉంటుంది, అది లేనిది పెడితే ఫెడరల్ చట్టం ప్రకారమే తప్పు, డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో ఎమిషన్ టెస్టులో రిజిస్ట్రేషన్ ఆగుతుంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు ఒరిజినల్ కాని క్యాటలిటిక్ కన్వర్టర్ పెట్టాలంటే దానిమీద కార్బ్ (అక్కడి వాయు కాలుష్య బోర్డు) వాళ్ళ ఈఓ అనే ఆమోద నంబరు ఉండాలి, వేరే రాష్ట్రం నుంచి చవకగా తెప్పిస్తే స్మాగ్ టెస్టులో పోతుంది. ఊడదీసిన ఒరిజినల్ సామాన్లు అమ్మకుండా దాచండి, రేపు బండి అమ్మేటప్పుడు ఒరిజినల్‌గా ఉన్నదానికే మంచి ధర ఇస్తారు.

ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. మీ కారు పాత చక్రాలు అమ్ముకోవడం వేరు, సాల్వేజ్ కార్లు కొని విప్పి పార్ట్స్ లాభానికి అమ్మడం వేరు, రెండోది వ్యాపారం, స్టేటస్ మీదకి వస్తుంది. అలాంటి ఆలోచన ఉంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, రూమ్మేట్‌ని కాదు.

బిగించుకునే పని సొంతంగా చేద్దామనుకుంటే అపార్ట్‌మెంట్ లీజు ఒకసారి చదవండి, పార్కింగ్‌లో రిపేర్లు చెయ్యనివ్వరు చాలాచోట్ల, ఇల్లున్న స్నేహితుడి గ్యారేజీ అడగండి. పెద్ద పనిముట్లు కొనక్కర్లేదు, ఆటోజోన్ అనే కారు సామాన్ల షాపులో డిపాజిట్ కట్టి తెచ్చుకుని, పని అయ్యాక తిరిగిచ్చేస్తే మొత్తం వెనక్కి ఇస్తారు. జాక్ స్టాండ్లు మాత్రం సొంతంగా కొనుక్కోండి, వాటి మీద నిలబెట్టకుండా ఒట్టి జాక్ మీద లేపిన కారు కిందకి మాత్రం ఐదు నిమిషాలకి కూడా దూరొద్దు.